మా అబ్బాయి ఎంత దూరంలో ఉన్నాడు?

(పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రుల కోసం ఒక ఆదివారం సాయంత్రం తెనాలిలో జరిగిన సమావేశంలో ఒక విశ్రాంత లెక్కల మాస్టారు చేసిన ప్రసంగం. రికార్డు విని, మాటలు పెద్దగా మార్చకుండా ఎత్తి రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినపడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి, నా కాగితాలు ఎగిరిపోతున్నాయి. గాలి గురించి మాట్లాడడానికి వచ్చి గాలిని తగ్గించమంటున్నానేమిటని అనుకోకండి.

ఈ బల్ల మీద గ్లోబు, దారపుండ తెచ్చిపెట్టాను. గ్లోబు మా పాత స్కూలుది. రేపు ప్రార్థన గంట కొట్టేలోపు తిరిగి ఇస్తానని హెడ్మాస్టరు గారికి మాటిచ్చి తెచ్చాను. దీనితో కాసేపట్లో పని ఉంది.

మూడు నాలుగేళ్ళ కిందటి మాట. మా పక్కింటావిడ టికెట్టు కాగితం పట్టుకుని వచ్చింది. "మాస్టారూ, బెంగళూరులో మధ్యాహ్నం రెండింటికి ఎక్కితే అదే రోజు సాయంత్రం నాలుగున్నరకి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతామట. రెండున్నర గంటలే కదా! మరి మావాడు పదహారు గంటలు కూర్చోవాలని ఎందుకు భయపెడుతున్నాడు?" అంది. నవ్వకండి. ఆవిడ చదివింది తప్పు కాదు. టికెట్టు మీద ఉన్నది అదే. బయల్దేరే వేళ మన గడియారంలో, దిగే వేళ వాళ్ళ గడియారంలో వేస్తారు. ఆ రెండు గడియారాలకీ చలికాలంలో పదమూడున్నర గంటలు తేడా, వేసవిలో పన్నెండున్నర. వాళ్ళు ఏడాదికి రెండుసార్లు గడియారం ముళ్ళు జరుపుతారు, మనం జరపం. ఆ రెండున్నరకి ఈ పదమూడున్నర కలపండి. పదహారు. ఆవిడ కొడుకన్నది పదహారే.

ఇంకో సంగతి, మన దేశం మొత్తానికి గడియారం పెట్టే గీత మన పక్కనుంచే పోతుంది. తూర్పు రేఖాంశం 82 డిగ్రీల 30 నిమిషాలు. అది కాకినాడకి కాస్త తూర్పుగా, తుని చుట్టుపక్కల మీదుగా పోతుంది. అంటే తునిలో సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకి కాస్త అటూ ఇటుగా దేశమంతా పన్నెండు. ఢిల్లీ వాళ్ళు కూడా తుని టైముకే భోంచేస్తున్నారన్నమాట.

సరే, అసలు ప్రశ్న. ఇక్కడున్న చాలామంది నన్ను ఏదో ఒకరోజు అడిగినదే. "మాస్టారూ, మావాడు ఉన్న ఊరు ఎంత దూరం?" ఇప్పుడు ఫోనులో రెండు ఊళ్ళ పేర్లు కొడితే చాలు, జవాబు వచ్చేస్తుంది. హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి రమారమి 13,540 కిలోమీటర్లు. కింద ప్రయాణ సమయం కూడా వేస్తాడు, పదిహేను గంటల చిల్లర. ఆ సమయం ఎలా వచ్చిందంటే, కిలోమీటర్లని తొమ్మిది వందలతో భాగించాడు, అంతే. ఐదో తరగతి లెక్క. ఆ లెక్కతో నాకు పేచీ లేదు. ఆ లెక్క ప్రకారం ప్రయాణం చేసిన మనిషిని మాత్రం నేనింతవరకు చూడలేదు.

మా తాతగారి కాలంలో దూరాన్ని ఇలా అడిగేవారు కాదు. "ఆ ఊరు ఎంత?" అంటే "పూట నడక" అనేవారు. "ఎద్దు బండైతే పొద్దున బయల్దేరితే దీపాలవేళకి" అనేవారు. ఆమడలూ క్రోసులూ కూడా ఉండేవి. ఆమడంటే రమారమి ఎనిమిది మైళ్ళు, మన లెక్కలో 13 కిలోమీటర్లనుకోండి. ఆ లెక్కన శాన్‌ఫ్రాన్సిస్కో వెయ్యి ఆమడల పైచిలుకు. కానీ ఏరు అడ్డముంటే ఆమడ దూరమే రెండు పూటలయ్యేది. వానాకాలంలో ఒకమాట, ఎండాకాలంలో ఒకమాట. దూరాన్ని కాలంలో చెప్పడం మన పెద్దలకి అలవాటు. విమానం నడిపేవాళ్ళు ఇవాళ చేసేదీ అదే. వాళ్ళ దగ్గరికెళ్ళి ఎన్ని కిలోమీటర్లని అడగండి, "ఇవాళ్టికా, రేపటికా?" అంటారు.

ఎందుకంటారో చెబుతాను. అమ్మా, ముందు వరుసలో పాపా, ఇలా రా. ఏ క్లాసు? ఏడా. మంచిది. ఈ దారం కొస పట్టుకో. ఇదిగో హైదరాబాద్, ఇక్కడ వేలు పెట్టి గట్టిగా అదిమి పట్టు. నేను రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర పట్టుకుంటాను. ఇప్పుడు దారాన్ని బిగలాగుతున్నా. అందరూ చూడండి, దారం ఎటు పోయింది?

పైకి పోయింది! మనం గోడ మీద పటంలో స్కేలు పెట్టి గీస్తే ఏమవుతుంది? బంగాళాఖాతం మీదుగా, చైనా మీదుగా, జపాను కింద నుంచి పసిఫిక్ సముద్రం అడ్డంగా దాటి అమెరికా చేరతాం. ఈ దారం ఆ జోలికే పోలేదు. మధ్యప్రదేశ్ మీదుగా పోయి, నేపాల్ దాటి, టిబెట్ మీద నుంచి మంగోలియా అంచు పట్టుకుని, సైబీరియా అంతా నిలువునా కోసుకుంటూ ఉత్తర సముద్రం దాకా వెళ్ళింది. 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటింది. అక్కడి నుంచి అలాస్కా మీదుగా కిందికి దిగింది. కాలిఫోర్నియా వెళ్ళడానికి ధ్రువపు మంచు అంచు దాకా ఎందుకు ఎక్కాలి? ఎందుకంటే భూమి బంతి. బంతి మీద బిగలాగిన దారమే దగ్గర దారి. కాగితం మీద స్కేలు గీత పట్టుకుని, దిక్సూచి ముల్లు ఒకే కోణంలో ఉంచుకుని పోయామా, 15,700 కిలోమీటర్ల పైన అవుతుంది. రెండు వేల పైచిలుకు దండగ. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళి రావడానికి కాస్త తక్కువ.

నలభై ఏళ్ళు పిల్లలకి "రెండు బిందువుల మధ్య కనిష్ఠ దూరం సరళరేఖ" అని చెప్పినవాణ్ణి. సమతలం మీద అనే మాట గట్టిగా చెప్పేవాణ్ణా లేదా అని ఇప్పుడు అనుమానం. ఆ పాపం ఇవాళ ఈ దారంతో కడుక్కుంటున్నాను.

వదలకమ్మా, ఇంకా అయిపోలేదు. దారం టిబెట్ మీద నుంచి పోయింది కదా. విమానాలు ఆ దారిన సామాన్యంగా పోవు. కొండలు తగులుతాయని కాదు, విమానం కొండల కంటే ఎత్తులోనే ఎగురుతుంది. సంగతి వేరు. విమానం లోపలి గాలి ఒత్తిడి ఎప్పుడైనా తగ్గిపోయిందనుకోండి, పైనుంచి ఆ పసుపుపచ్చ మాస్కులు వేలాడతాయి, చూసే ఉంటారు. అందులో ఆక్సిజన్ కొద్ది నిమిషాలే. ఆలోపు పైలట్ విమానాన్ని మూడు కిలోమీటర్ల ఎత్తుకి దించాలి, అక్కడైతే మనిషి మామూలుగా ఊపిరి పీల్చుకోగలడు. మరి టిబెట్‌లో నేలే నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంది! ఎక్కడికి దించుతాడు? అందుకని దారం చూపించిన దారి ఉన్నా, విమానం పక్కకి తప్పుకుంటుంది. మొదటి దండగ ఇక్కడే మొదలు. దారం కూడా మోసం చేసిందన్నమాట. నువ్వెళ్ళి కూర్చోమ్మా, మళ్ళీ పిలుస్తాను.

ఇప్పుడు గాలి. నాకు బాగా ఇష్టమైన సంగతి ఇది, కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఓపిక పట్టండి.

రాజమండ్రి నుంచి పాపికొండలకి లాంచీ ఎక్కినవాళ్ళకి తెలుసు. వెళ్ళేటప్పుడు ఏటికి ఎదురు, వచ్చేటప్పుడు వాలు. అదే ఇంజను, అదే లాంచీ, అదే దూరం. వెళ్ళేటప్పుడు పట్టినంతసేపు వచ్చేటప్పుడు పట్టదు. ఆకాశంలోనూ ఏళ్ళున్నాయి. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, పడమటి నుంచి తూర్పుకి, గంటకి 150, 200, ఒక్కోసారి 300 కిలోమీటర్ల పైన వేగంతో గాలి ప్రవాహాలు పారుతుంటాయి. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో పోటు మీద ఉంటాయి, ఎండాకాలంలో తగ్గుతాయి. ఏరు లాగే వంకర టింకరగా పోతాయి, ఒకరోజు ఉన్నచోట ఇంకోరోజు ఉండవు.

దీన్ని మొదట పద్ధతిగా కొలిచినాయన జపాను వాతావరణ శాస్త్రవేత్త వాసాబురో ఓయిషి. 1920ల్లో చిన్న చిన్న బెలూన్లు వదిలి, అవి ఎటు కొట్టుకుపోతున్నాయో చూసి లెక్కగట్టాడు. అంత గొప్ప సంగతి కనిపెట్టి, ప్రపంచమంతా చదవాలని ఆశపడి, ఎస్పెరాంతో భాషలో అచ్చువేశాడు. అన్ని దేశాలకీ ఒకే భాష ఉండాలని తయారుచేసిన భాష అది. అందరి కోసం రాస్తే ఎవరూ చదవలేదు! రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, అమెరికా బాంబర్లు జపాను మీద అంత ఎత్తున ఎగిరినప్పుడు గాలికి తట్టుకోలేక తెల్లబోయాయి. అప్పుడు గాని అమెరికా వాళ్ళకి ఆ ఏటి సంగతి అనుభవంలోకి రాలేదు.

ఇప్పుడొక చిన్న లెక్క. అలవాటు పోదు కదా. 9,000 కిలోమీటర్ల దూరం. విమానం గాలిలో గంటకి 900 పోతుంది. గాలి లేకపోతే వెళ్ళడానికి పది గంటలు, రావడానికి పది. మొత్తం ఇరవై. ఇప్పుడు గంటకి వంద కిలోమీటర్ల గాలి ఉందనుకోండి. వాలున వెయ్యి వేగం, తొమ్మిది గంటల్లో చేరాం. ఎదురుకి ఎనిమిది వందలు. తొమ్మిది వేలని ఎనిమిది వందలతో భాగించండి. పదకొండుంపావు. మొత్తం ఇరవయ్యుంపావు. వెళ్ళేటప్పుడు లాభం గంట, వచ్చేటప్పుడు నష్టం గంటుంపావు. "పోనీలే మాస్టారూ, రానూపోనూ సరిపోతుంది కదా" అంటారు జనం. సరిపోదు. ఎదురుగాలిలో మనం ఎక్కువసేపు ఉంటాం కాబట్టి అది మనల్ని ఎక్కువసేపు తింటుంది.

ఈ గాలి బలం ఎంతో తెలియాలంటే 2020 ఫిబ్రవరి సంగతి చెప్పాలి. న్యూయార్క్ నుంచి లండన్‌కి మామూలుగా ఆరున్నర గంటల మాట. అట్లాంటిక్ మీద పెద్ద తుపాను లేచింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఒకటి ఆ గాలి నెత్తినెక్కి 4 గంటల 56 నిమిషాల్లో లండన్‌లో దిగింది. నేల మీద కొలిస్తే గంటకి 1,300 కిలోమీటర్ల పైన వేగం!

అంతకన్నా మనకి దగ్గర సంగతి 2016 అక్టోబరుది. ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి మొదట అట్లాంటిక్ వైపు నుంచి, అంటే పడమటికి పోయేది. 13,900 కిలోమీటర్లు. పదహారు గంటలు దాటేది. ఆ అక్టోబరులో దారి మార్చి పసిఫిక్ వైపు, తూర్పుకి తిప్పారు. అటు 15,300 కిలోమీటర్లు. 1,400 ఎక్కువ! మరి ఎంతసేపు పట్టింది? పద్నాలుగున్నర గంటలు. దూరం పెరిగింది, సమయం తగ్గింది. తిరుగు ప్రయాణం అట్లాంటిక్ వైపు నుంచే చేయడంతో అటూ తూర్పుకే, ఇటూ తూర్పుకే. వెళ్ళొచ్చేసరికి భూప్రదక్షిణం అయిపోయింది. వినాయకుడు పక్కనే తల్లిదండ్రుల చుట్టూ తిరిగి గెలిచాడు గానీ, ఈ కథలో నెమలి ఎక్కి తిరిగిన కుమారస్వామే ముందు చేరాడు.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి. ఆఁ, "భూమి తూర్పుకి తిరుగుతోంది కదా, విమానం పైకి లేచి ఊరికే ఆగితే అమెరికాయే కిందికి రాదా" అని. చాలా మంచి ప్రశ్న. ఈ ప్రశ్న అడగని బ్యాచ్ నా సర్వీసులో ఒక్కటీ లేదు. చూడండి, హైదరాబాద్ దగ్గర నేల గంటకి దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి పోతోంది. మీరు పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని వేరుశెనక్కాయ పైకి ఎగరేశారు. వెనక బోగీలో పడుతుందా? మీ ఒళ్ళోనే పడుతుంది. దానికీ రైలు వేగం ఉంది కాబట్టి. విమానానికీ, చుట్టూ ఉన్న గాలికీ భూమి వేగం ముందే ఉంది. ఊరికే ఆగితే శంషాబాద్ మీదే ఉంటారు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. భూభ్రమణం తిన్నగా సాయం చెయ్యదు గానీ, చాటుగా చేస్తుంది. భూమధ్యరేఖ దగ్గర నేల వేగం ఎక్కువ, 1,670. పైకి పోయేకొద్దీ వృత్తం చిన్నదై వేగం తగ్గుతుంది. 60 డిగ్రీల దగ్గర అందులో సగమే. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేచి ఉత్తరానికి పోతూ తన పాత వేగాన్ని వెంట తీసుకెళ్తుంది. అక్కడి నేల నెమ్మదిగా తిరుగుతుంటే ఈ గాలి దానికంటే ముందుకు ఉరుకుతుంది. ఎటు? తూర్పుకి. ఇందాక చెప్పిన ఆకాశపు ఏటికి పుట్టుక అదే. కాబట్టి మీరు అడిగింది పూర్తిగా తప్పు కాదు, దారి తప్పింది అంతే. కూర్చోండి.

గాలి దేవుడి చేతిలో ఉంది. మనుషుల చేతిలో ఉన్నదీ ఒకటుంది, ఆకాశపు సరిహద్దులు. నేల మీద కంచె కనబడుతుంది, పైన కనబడదు, కానీ ఉంటుంది. 2019 ఫిబ్రవరి చివర్లో పాకిస్తాన్ తన ఆకాశం మూసేసింది, జులై మధ్యలో గాని పూర్తిగా తెరవలేదు. 2025 ఏప్రిల్‌లో మన విమానాలకి మళ్ళీ మూసేసింది. ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా పోయేవన్నీ కిందికి దిగి, అరేబియా సముద్రం మీదుగా చుట్టుకుని పోవాల్సివచ్చింది. కొన్ని విమానాలు తిన్నగా పోలేక మధ్యలో యూరప్‌లో ఇంధనం కోసం ఆగాయి. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం అమెరికా, యూరప్ విమానాలకి లేకుండా పోయింది. మన విమానాలకి ఉంది. అదే రెండు ఊళ్ళ మధ్య, జెండా మారితే దూరం మారుతుంది! ఇందాకటి దారం సైబీరియాని నిలువునా కోసింది, గుర్తుంది కదా. దారానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

ఇక మేత సంగతి. మేత అంటే ఇంధనం. పూర్వం దూర ప్రయాణానికి బండి కడితే ఎద్దులకి ఎండుగడ్డి కూడా బండిలోనే వేసుకునేవారు. దూరం పెరిగితే గడ్డి పెరగాలి, గడ్డి పెరిగితే బరువు పెరుగుతుంది, ఆ బరువు లాగడానికి ఎద్దులు ఇంకాస్త గడ్డి తింటాయి. బోయింగ్ 777-200ఎల్‌ఆర్ అని, మరీ దూరాలు పోవడానికే చేసిన విమానం. అది నేల విడిచేటప్పుడు మోయగలిగిన మొత్తం బరువు 347 టన్నులు. ట్యాంకులు నిండా పోస్తే 1,81,000 లీటర్లు, అంటే 145 టన్నులు. మొత్తం బరువులో ఐదింట రెండు వంతులు దాటి మేతే! మనుషులూ, మన ఆవకాయ జాడీలూ ఆ మిగిలిన దాంట్లో. ఇరవై మూడు కిలోల దగ్గర కౌంటరు అమ్మాయి ఎందుకంత పట్టుబడుతుందో ఇప్పుడు తెలిసిందా? లాభం కోసం కూడాననుకోండి, అది వేరే సంగతి.

ఆ 777-200ఎల్‌ఆర్ మీదే 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఎయిర్ ఇండియా మొదటిసారి ఆగకుండా వచ్చింది. 14,000 కిలోమీటర్లకి కాస్త తక్కువ. నడిపింది అందరూ ఆడవాళ్ళే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం, వాళ్ళలో పాపగారి తన్మయి మన తెలుగమ్మాయి. ఉత్తర ధ్రువం మీదుగా వచ్చారు. అక్కడ 9వ తేదీ శనివారం రాత్రి బయల్దేరి, ఇక్కడ 11వ తేదీ సోమవారం తెల్లవారుజామున దిగారు. పదిహేడు గంటల ప్రయాణం. ఆదివారం ఏమైంది? గాల్లో గడిచిపోయింది. పంచాంగంలో ఉంది, వాళ్ళకి మాత్రం ఏ ఊళ్ళోనూ లేదు. అదే నెలలో హైదరాబాద్ నుంచి షికాగోకి కూడా ఆగకుండా వెళ్ళే విమానం మొదలైంది, 13,280 కిలోమీటర్లు. మనవాళ్ళు ఎంత సంబరపడ్డారో! కొన్నాళ్ళే నడిచింది.

ధ్రువం మీదుగా పోవడం అంటే వినడానికి బాగుంటుంది. బయట సున్నా కింద అరవై డిగ్రీలు. విమానం ఇంధనం కూడా సున్నా కింద 47 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. పెరుగు తోడుకున్నట్టు తోడుకుంటే ఇంజనుకి ఎలా పారుతుంది? అందుకని ట్యాంకులో చలి ఎంతుందో పైలట్లు చూసుకుంటూనే ఉంటారు, మరీ తగ్గితే కాస్త కిందికి దిగడమో, వేగం పెంచడమో చేస్తారు. అయస్కాంతపు దిక్సూచి అక్కడ నమ్మడానికి లేదు. వీటన్నిటి కన్నా ముఖ్యం, ఎక్కడ దిగాలి అన్నది. రెండు ఇంజన్ల విమానంలో ఒకటి ఆగిపోతే, రెండోదానితో ఇన్ని నిమిషాల్లో ఏదో ఒక రన్‌వే చేరేలా దారి ఎంచుకోవాలని నియమం. 1950ల్లో అది అరవై నిమిషాలు. ఇప్పుడు 777 లాంటి వాటికి 330 నిమిషాల దాకా అనుమతి ఉంది. ఐదున్నర గంటలు, ఒక్క ఇంజను మీద! చదివినప్పుడు నాకూ గుండె ఝల్లుమంది. ఆ ఇంజన్లు అంత నమ్మకంగా తయారయ్యాయి కాబట్టే ఇచ్చారు.

ఆ నియమం ఎందుకుందో 2023 జూన్‌లో తెలిసింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న విమానం, 216 మంది ప్రయాణికులు. ఒక ఇంజనులో ఇబ్బంది వచ్చి రష్యాకి తూర్పు కొసన మగడాన్ అనే ఊళ్ళో దింపారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ ఊళ్ళో అంతమందికి హోటళ్ళు లేవు, హాస్టల్లోనూ బళ్ళోనూ పరుపులు పరిచి పడుకోబెట్టారు. ఇక్కడ నుంచి ఇంకో విమానం వెళ్ళి తీసుకెళ్ళేసరికి మూడో రోజైంది. మొదట ఇచ్చిన పదిహేను గంటల చిల్లర లెక్కలో మగడాన్ ఎక్కడుంది చెప్పండి?

ఇప్పుడు ఇంటి లెక్కకి వద్దాం. నేనూ మా ఆవిడా వెళ్ళింది దుబాయ్ మీదుగా. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 13,000 పైచిలుకు. మొత్తం 15,500 పైన. దారంతో కొలిచిన దానికన్నా రెండు వేలు ఎక్కువ. తూర్పుకి వెళ్ళాల్సినవాళ్ళం ముందు పడమటికి వెళ్ళాం. అయినా మనలో ఎక్కువమంది గల్ఫ్ మీదుగానే పోతున్నాం, ఎందుకంటే శంషాబాద్‌లో అర్ధరాత్రి ఎప్పుడు చూసినా అటు పోయే విమానం ఉంటుంది.

గంటలు చెబుతాను రాసుకోండి. తెనాలిలో మధ్యాహ్నం మూడింటికి కారెక్కాం. విజయవాడ దాటి, మధ్యలో టీ తాగి, శంషాబాద్ చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. తెల్లవారుజాము నాలుగు దాటాక విమానం. అంటే తెనాలిలో బయల్దేరిన పదమూడు గంటలకి గాని నేల విడవలేదు! దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ మూడు గంటలు కూర్చోవడం, ఆపైన పదహారు గంటలు. దిగాక ఇమిగ్రేషన్ వరసలో గంటన్నర, సూట్‌కేసుల కోసం ముప్పావు గంట, అబ్బాయి కారులో గంట. కూడండి. ముప్పై తొమ్మిది గంటల పైన. మొత్తం దూరంలో తెనాలి నుంచి శంషాబాద్ ఎంత? 300 కిలోమీటర్లు, నూటికి రెండు వంతులు. సమయంలో అదీ, అక్కడి ఎదురుచూపూ కలిపి మూడో వంతు. శాన్‌ఫ్రాన్సిస్కో దూరం కాదండీ, శంషాబాదే దూరం!

వచ్చేటప్పుడు ఇంకా బాగుంది. నేను సీటు ముందు బుల్లి తెర మీద పటం పెట్టుకుని, గంటకోసారి వేగం చిన్న పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. మా ఆవిడ "ఇంటికొచ్చాక దీనికి మార్కులేస్తారా" అంది. ఒక గంట 1,040, ఇంకో గంట 870, యూరప్ దాటాక మళ్ళీ 960. అంకె మారినప్పుడల్లా "దిగే వేళ" కూడా మారుతుండేది. అంతా బాగుంది గానీ మొదటి విమానం బయల్దేరడమే ఆలస్యం. మధ్యలో మారాల్సిన ఊళ్ళో, ఊరి పేరూ కంపెనీ పేరూ వద్దులెండి, మేం తలుపు దగ్గరికి చేరేసరికి తలుపు వేసేశారు. అద్దంలోంచి మా విమానం కనిపిస్తోంది. నిచ్చెన ఇంకా తియ్యలేదు. అయినా ఎక్కనివ్వలేదు. పదకొండు గంటలు ఆ కుర్చీల్లో. మధ్య మధ్య చేతులు ఉండే కుర్చీలు, పడుకోవడానికి వీల్లేకుండా ఎవడో పనిగట్టుకుని చేసినవి. అందుకే చెబుతున్నాను, టికెట్టు కొనేటప్పుడు పిల్లలతో చెప్పండి: మారే చోట రెండు గంటల వ్యవధి యువకులకి చాలు, మనకి చాలదు. మూడున్నర ఉండాలి. రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండాలి, అప్పుడైతే తప్పిపోతే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్ళది. విడివిడిగా కొంటే మన ఖర్మ.

వీల్‌చైర్ సంగతి కూడా చెప్పేస్తాను. మనలో కాళ్ళు బాగున్నవాళ్ళు కూడా వీల్‌చైర్ పెట్టించుకుంటున్నారు. కాళ్ళ కోసం కాదు, భాష కోసం. నెట్టేవాడు దారి చూపిస్తాడని. తప్పని నేననలేను. కానీ మొన్న ఒక విమానంలో ముప్పై మంది అలా కూర్చున్నారు, నిజంగా నడవలేని పెద్దాయన ఒకాయన కుర్చీ కోసం గంట ఆగాడు. ఇంట్లో ఆలోచించుకోండి.

ప్రశ్నలుంటే రెండు తీసుకుంటాను, ఆపైన గ్లోబు అప్పగించాలి.

ఏమ్మా? "బీపీ మాత్ర పొద్దున్నే వేసుకుంటాను, మరి అక్కడ పొద్దునా, ఇక్కడ పొద్దునా?" చూశారా, ఇది అసలైన ప్రశ్న. బయల్దేరే ముందు మీ డాక్టరు గారిని అడిగి, కాగితం మీద రాయించుకోండి, ముఖ్యంగా షుగరు ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు. మామూలుగా ప్రయాణంలో ఉన్నంతసేపు ఒక చేతి గడియారం మన టైములోనే ఉంచుకోండి, ఒళ్ళు ఇంకా ఆ టైములోనే ఉంటుంది. మాత్రలు పెద్ద సూట్‌కేసులో వెయ్యొద్దు, చేతి సంచిలోనే, చీటీతో సహా.

ఇంకొకరు. "మా అమ్మాయి వాళ్ళది డాలస్. దారం ఎటు పోతుంది మాస్టారూ?" నోటితో చెప్పడం ఎందుకు, ఇక్కడే చూద్దాం. పాపా, మళ్ళీ రామ్మా. నువ్వు హైదరాబాద్ పట్టుకో, అమ్మగారూ, మీరే వచ్చి డాలస్ దగ్గర పట్టుకోండి. ఆ, టెక్సాస్ అని ఉంది చూడండి, ఆ "టె" మీద వేలు పెట్టండి. ఇప్పుడు లాగండి. ఇంకాస్త బిగించండమ్మా, తెగదులే.